మిక్సరు కొనబోవువారికి

'డీజే' అను మాట వినబడగానే మన శ్రోతలలో పెద్దవారు ముఖము చిట్లింతురని మాకు తెలియును. నిమజ్జనమునాడు వీధిలో మెల్లగా సాగు లారీయు, దానిమీది నిలువెత్తు పెట్టెలును, ఇంటిలో గిన్నెలు గడగడలాడుటయు వారికి జ్ఞాపకము వచ్చును. వారి కోపమును మేము కాదనము. అయితే ఆ లారీమీద కూర్చుండి రెండు చేతులతో మీటలు జరుపుచున్న కుఱ్ఱవాడు ఎవరు? మన అనంతపురము సీమలో అతడు పెక్కుమారులు వేరుసెనగ పైరు ఎండిపోయిన యింటి బిడ్డ. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్లకు అటునిటుగా వాన కురియు ఈ పీఠభూమిలో, ఆ కొద్దిపాటి వానయు పైరు కోరినపుడు రాదు. బెంగుళూరికి కూలికి పోవ మనసొప్పక, అప్పుచేసి సౌండు సామాను కొని, పెండ్లి ముహూర్తములను నమ్ముకొని బ్రదుకు యువకులను మేము పెక్కు గ్రామములలో చూచితిమి. నేటి మా ప్రసంగము అట్టివారికొరకు. వారి తలిదండ్రులకొరకు కూడను. కొనువాడు కొడుకే యైనను అప్పుపత్రముమీద సంతకము తండ్రిది గదా!

ఒక వేసవిలో మేము కళ్యాణదుర్గము వైపు ఒక గ్రామమున పెండ్లికి పోయితిమి. ఆ యూరి కుఱ్ఱవాడే సౌండు పెట్టినాడు. సినిమా పాటలు గణగణ మ్రోగినవి. తెల్లవారుజామున అప్పగింతల వేళ పెండ్లికూతురి అవ్వ ఒక పాట పాడుదునన్నది. మైకు చేతికిచ్చిరి. ఆమె నోరు తెరచిన తోడనే పెట్టెలు 'కూ'యని కూసినవి. కుఱ్ఱవాడు తగ్గించెను, గొంతు వినబడలేదు. పెంచెను; బుసబుసమను రొద, దానిమీద మరల కూత. మూడవమారు అవ్వ మైకును అరుగుమీద పెట్టి, "నా గొంతు దీనికి సరిపోదులే నాయనా" యని లేచిపోయినది.

తప్పు అవ్వ గొంతులో లేదు. తరువాత మేము ఆ మిక్సరును దగ్గరగా చూచితిమి. పాటలకు నాలుగు చానళ్లు కలవు. ఒక్కొక్క దానికి మూడేసి స్వరపు నాబులు, రంగురంగుల దీపములు, ప్రతిధ్వని పుట్టించు బొత్తాములు. మైకునకో, పెట్టె వెనుక మూలను ఒక రంధ్రము, దానికి శబ్దము హెచ్చించు నాబు ఒక్కటి. అంతే. "అరవై వేలు పెట్టి తెచ్చినా సార్. ఇంగేం చేయల్ల?" అని ఆ కుఱ్ఱవాడు మమ్మడిగినాడు. అతని ప్రశ్నకు నాడు తోచిన సమాధానమును, పిదప విచారించి తెలిసికొన్న సంగతులను కలిపి ఇచట చెప్పుచున్నాము.

అనేక తావులనుండి వచ్చు ధ్వనులను ఒక్కచోట కలిపి, వాని హెచ్చుతగ్గులను సవరించి, ఆంప్లిఫయరునకు పంపు పెట్టెయే మిక్సరు. మా రేడియో కేంద్రమునను అట్టిది కలదు. ఇపుడు మీరు వినుచున్న మా గొంతు దానిగుండనే వచ్చుచున్నది. ఒక పాట ముగియకముందే రెండవ పాటను చెవిలో విని, సమయము చూచి, రెండింటిని కలుపుటకు అనువుగా చేయబడినది డీజే మిక్సరు. 1971లో అలెక్స్ రోజ్నర్ అను ఇంజనీరు న్యూయార్కులోని 'హేవెన్' అను నాట్యశాలకు ఇట్టి పెట్టె నొకదానిని తయారుచేసెను. ఎర్రరంగు పూసినందున దానికి 'రోజీ' యని ముద్దుపేరు వచ్చినది. ఆ దశాబ్దముననే బోజాక్ కంపెనీ మిక్సరు అచటి నాట్యశాలలలో పేరుపొందెను. దానిలో జారుడు మీటలు లేవు, అన్నియు గుండ్రని నాబులే. ఆ శాలలలో పాటయే ప్రధానము. మాటలాడువాని పని స్వల్పము. ఆ వంశమున పుట్టిన నేటి మిక్సర్లు అనేకములలో మైకు సవతిబిడ్డగా నుండుటకు మూలము అక్కడ నున్నది.

మన పందిటిలో సంగతి వేరు. పురోహితుని మంత్రము మైకులోనే. చదివింపుల పట్టీ మైకులోనే. వంటశాలకు పిలుపు, తప్పిపోయిన పిల్లవాని ప్రకటన, పెద్దమనిషి ఆశీర్వచనము, అవ్వ పాట అన్నియు మైకులోనే. కావున మిక్సరు కొనబోవువారు అంగడిలో మొట్టమొదట మైకు చానలును చూడవలెనని మా అభిప్రాయము. పాటను ఏ మిక్సరైనను కొంతవరకు బాగుగనే వినిపించును. ఏలయన లాప్‌టాపునుండియో సెల్‌ఫోనునుండియో వచ్చు పాట అప్పటికే తగిన బలము గలది. మైకునుండి వచ్చు విద్యుత్తు మిక్కిలి అల్పము, వోల్టులో వేయవవంతు లెక్కన కొలువదగినది. దానిని వందలరెట్లు పెంచవలెను. అట్లు పెంచునపుడు పెట్టె తన సొంత బుసను ఎంత తక్కువగా కలుపునో అంత మంచిది. ఇది దీపములను చూచిన తెలియదు, చెవి పెట్టి వినవలెను.

మైకు చానలునందు మూడు విషయములు విచారింపుడు. మొదటిది, దానికి ప్రత్యేకముగా 'గెయిన్' నాబు ఉన్నదా? రెండవది, బేసును ట్రెబులును వేర్వేరుగా తగ్గించు నాబులు ఉన్నవా? కూత ఏదో యొక స్థాయి స్వరమున పుట్టును. మైకులోని ధ్వని పెట్టెలగుండ వెలువడి మరల మైకులోనే దూరినపుడు, గదికి నచ్చిన స్వరము పెరిగి పెరిగి కూతయగును. ఆ స్వరమున్న భాగమును కొంచెము తగ్గించినచో గొంతు నిలుచును, కూత పోవును. నాబులు లేనియెడల మొత్తము శబ్దమునే తగ్గింపవలసివచ్చును. అవ్వకు జరిగినది అదే. (మైకు పట్టినవారు పెట్టెల ముందునకు నడచిరాకుండ చూచుట అన్నింటికంటె ముందు చేయవలసిన పని. పెండ్లివారికి ఆ మాట చెప్పు ధైర్యము కావలెను.) మూడవది 'టాక్‌ఓవర్' అను సౌకర్యము. మైకులో ఎవరైన మాటలాడగానే పాట తనంతట తాను తగ్గి, మాట ఆగగానే మరల లేచును. చదివింపులు చదువువాడు గొంతు చించుకొననక్కరలేదు. చిన్న సౌకర్యమే గాని, ఒక పూట పనిచేసినవానికి దాని విలువ తెలియును.

గెయిన్ అనినాము. దీనిని గూర్చి కొంత విపులముగ చెప్పవలెను, ఏలయన సామాను కాలిపోవుటకు దీని విషయమున జరుగు పొరపాటే సామాన్య కారణము. చెరువునకు తూము ఉన్నట్లు చానలునకు గెయిన్. చేనికి మడవ ఉన్నట్లు దాని క్రిందనున్న జారుడు మీట, అనగా ఫేడరు. తూము సరిగా విడిచినచో మడవతో నీటిని హాయిగా సవరింపవచ్చును. తూము చాల కొద్దిగా విడిచి క్రింద ఎంత తవ్వినను బురదయే వచ్చును. బుసబుసమను రొద అట్టిది. తూము మితిమీరి యెత్తినచో కాలువ గట్టు తెగును. ధ్వని విషయమున గట్టు తెగుట యనగా, అలల తలలు పైన క్రింద కోసివేయబడి చదునగుట. పాట కరకరలాడును. అట్లు చదునైన ధ్వని పెట్టెలలోని చిన్న స్పీకర్లకు, మనవారు 'టాప్' అనువానికి, ప్రాణాంతకము. మిక్సరుమీద పచ్చ, పసుపు, ఎరుపు దీపముల వరుస ఉండును. పచ్చ దాటి పసుపులో ఆడుచు, ఎరుపు ఎన్నడో ఒకమారు రెప్పపాటు మెరసినచో సరి. ఎరుపు వెలిగియే యుండుట గొప్పయని తలచువారు కలరు. అది గొప్ప కాదు, ఖర్చు. కాబట్టి చానలు చానలునకు వేరు దీపముల వరుస గల మిక్సరు మేలు. అన్నింటికి కలిపి ఒక్కటే వరుస యున్నచో ఏ తూము పొంగుచున్నదో తెలియదు.

ఇచటనే ఒక లెక్క చెప్పుదుము. 250 వాట్ల ఆంప్లిఫయరు చాలక 500 వాట్లది కొన్నచో శబ్దము రెట్టింపు వినబడునని చాలమంది ఆశింతురు. పెరుగునది 3 డెసిబెళ్లు మాత్రమే. చెవికి అది కొద్దిపాటి హెచ్చు. రెట్టింపుగా తోచుటకు సుమారు 10 డెసిబెళ్లు, అనగా పదిరెట్ల శక్తి కావలెను. వాట్లకు పోయు డబ్బులో కొంత మిక్సరునకు, మైకునకు మరలించినచో ప్రయోజన మెక్కువ.

పాట చానళ్లకు హై, మిడ్, లో అని మూడు స్వరపు నాబులు ఉండును. ఇవి రెండు పాటలను కలుపుటకు ముఖ్యమైనవి. రెండు పాటల డోలు దెబ్బలు ఒకేమారు మ్రోగినచో గజిబిజి యగును. పోవుచున్న పాట బేసును తగ్గించి వచ్చుచున్న దాని బేసును ఎత్తుదురు. పూర్తిగా ఎడమకు త్రిప్పినపుడు ఆ స్వరభాగము మొత్తము మాయమగునా, కొంత నిలుచునా అని చూడుడు. మాయమగునదే పనికి అనుకూలము. ఇక 'క్యూ' బొత్తాము. రాబోవు పాటను జనమునకు వినిపింపక హెడ్‌ఫోనులో తాను మాత్రము వినుటకు అది సాధనము. ఇది లేనిది డీజే మిక్సరే కాదు. హెడ్‌ఫోను శబ్దము చాలినంత పెద్దదిగా వచ్చునా అని అంగడివాని నిశ్శబ్దపు గదిలో గాక, తలుపు తెరచి రోడ్డు రొదలో పరీక్షింపుడు. పందిటిలో పరిస్థితి అట్టిదే.

అడ్డముగా జరుపు మీటను క్రాస్‌ఫేడరు అందురు. గ్రామఫోను పలకను ముందువెనుకలకు త్రిప్పి శబ్దవిన్యాసములు చేయువారికి అది ప్రాణము. పెండ్లిపని చేయువానికి దాని అవసరము స్వల్పము. అట్లే 'ఫోనో' అని వ్రాసిన రంధ్రములు గ్రామఫోను ముల్లునకు ఉద్దేశింపబడినవి. ముల్లు ధ్వని అల్పమగుటయే కాక, పలక చెక్కునపుడు బేసును తగ్గించి ట్రెబులును పెంచుదురు గనుక, దానిని తిరుగగొట్టి సరిచేయు భాగము అందుండును. లాప్‌టాపును ఆ రంధ్రమునకు తగిలించినచో కర్ణకఠోరమగును. దానిని 'లైన్' అని యున్నచోట తగిలింపవలెను. ఇక ప్రతిధ్వనులు, ఈలలు మొదలగు ఎఫెక్టులను గూర్చి మేము ఎక్కువ చెప్పము. అంగడిలో ఆనందము వానివలన కలుగును. ఆరునెలల తరువాత ముట్టువారు తక్కువ.

పెట్టె వెనుకభాగమునకు పోదము. కొనువారు సాధారణముగా చూడనిది, చూడవలసినది ఇదే. మిక్సరునుండి ఆంప్లిఫయరునకు పోవు తీగ మన పందిళ్లలో ఇరువది ముప్పది గజములు పొడవుండును. ప్రక్కనే జనరేటరు తీగ, సీరియల్ బల్బుల తీగ. విద్యుత్తు సెకనుకు 100 మారులు దిశ మారుచుండుటచే దాని 'గుమ్మ'ను రొద మన తీగలోనికి దూరును. మూడు పిన్నుల గుండ్రని ఎక్స్‌ఎల్‌ఆర్ రంధ్రములున్న మిక్సరు దీనిని ఉపాయముతో జయించును. ఒకే ధ్వనిని రెండు తీగలలో ఎదురుబొదురుగా పంపి, చివర ఒకదానినుండి మరియొకదానిని తీసివేయుదురు. రెండింటిలోను సమానముగా దూరిన రొద కొట్టివేయబడును, ధ్వని నిలుచును. ఎఱుపు తెలుపు పిన్నుల తీగలకు ఈ శక్తి లేదు. అవి నాలుగైదు గజముల పనికి మాత్రమే. కావున మాస్టర్ అవుట్‌పుట్ ఎక్స్‌ఎల్‌ఆర్ కానిచో ఆ మిక్సరును పందిటి పనికి కొనవద్దని మా సలహా.

గుమ్మను రొద వేరొక విధముగను వచ్చును. మిక్సరు ఒక ప్లగ్గులో, లాప్‌టాపు వేరొక యింటి ప్లగ్గులో, ఆంప్లిఫయరు జనరేటరుమీద ఉన్నపుడు వాని ఎర్తు తీగలు పెద్ద వలయమై రొద పట్టును. అన్నింటిని ఒకే బోర్డునుండి తీసికొనుట దీనికి మందు. కొందరు ఎర్తు పిన్నును విరిచివేయుదురు. రొద పోవును, నిజమే. కాని ఏ పరికరములోనైన విద్యుత్తు పైరేకునకు తగిలినపుడు అది మైకు పట్టిన చేతిలోనికి దిగును. క్రింద నీళ్లు చల్లిన పందిటి నేల, పైన లోహపు మైకు. ఈ పని ఎన్నడును చేయవద్దు, చేసినవానిని సామాను దగ్గరకు రానీయవద్దు.

మన పల్లెలలో వోల్టేజి నిలుకడ లేదు. పేరుకు 230 వోల్టులైనను, బోరుమోటార్లు ఒక్కమారు తిరుగునపుడు పడును, ఆగినపుడు లేచును. మిక్సరు వెనుక '100 నుండి 240 వోల్టులు' అని యున్నచో పడుటను చాలవరకు ఓర్చుకొనును. లేచుటకు మాత్రము మంచి స్టెబిలైజరు వేరుగ ఉండవలెను. విద్యుత్ భాగము లోపలనే యుండి, కంప్యూటరునకు వాడు మామూలు తీగ తగులునది మేలు. ప్రత్యేకమైన ఎడాప్టరుతో పనిచేయు మిక్సరు బాగుగనే యుండును గాని, ఆ ఎడాప్టరు రాత్రి రెండు గంటలకు ఉరవకొండలో పాడైనచో ఎచట తెచ్చెదరు?

దుమ్మును గూర్చి మేము చెప్పకున్నను మీరెరుగుదురు. ఫేడరుల సందులోనికి దిగిన మన ఎర్రదుమ్ము కొలది నెలలలో కరకరను పుట్టించును. లోపల ఒకదానికొకటి రాయని అయస్కాంతపు ఫేడరులు గల మిక్సర్లు కలవు, వెల ఎక్కువ. అంత శక్తి లేనివారు, విప్పి మార్చుటకు వీలైన ఫేడరులు గలదానిని, దాని విడిభాగములు దొరకు అంగడిని ఎన్నుకొనవలెను. పనిలేనపుడు మూతవేసి యుంచుట, కరకర వచ్చినపుడు అందులకై అమ్ము కాంటాక్ట్ క్లీనరును వాడుట మంచిది. కొబ్బరినూనె చుక్కవేసిన మహానుభావు నొకని మేము చూచితిమి. ఒక్కదినము బాగుగ జారినది, రెండవదినమునుండి దుమ్మును పిలిచి అంటించుకొన్నది.

ఇంతకు డీజే మిక్సరే కొనవలెనా? మీ సంపాదన అధికభాగము పాటలవలన వచ్చునా, గొంతులవలన వచ్చునా యని మొదట లెక్కవేసికొనుడు. మన ప్రాంతమున పద్యనాటకములు, హరికథలు, చెక్కభజనలు, పండరి భజనలు కలవు. గూగూడు కుళ్లాయిస్వామి సన్నిధిని పీర్ల పండుగకు కులమతభేదము లేక జనము చేరుదురు. చర్మముమీద పుల్ల రాసి మబ్బువలె గర్జింపజేయు ఉరుములు మన జిల్లా సొత్తు. ఒక నాటకమునకు నాలుగైదు మైకులు తప్పవు. డీజే మిక్సరునకు సాధారణముగా ఒకటి రెండు మైకులే తగులును. ఇట్టి పనికి సభావేదికలమీద వాడు లైవ్ మిక్సరు కావలెను. దానిలో ప్రతి మైకునకు గెయిన్, స్వరపు నాబులు వేరువేరుగా నుండును. రెండు పనులును చేయువారు ఖరీదైన నాలుగు చానళ్ల డీజే మిక్సరుకు బదులు, రెండు చానళ్ల చిన్నదానిని, ఎనిమిది చానళ్ల లైవ్ మిక్సరును కొని, మొదటిదాని అవుట్‌పుట్‌ను రెండవదాని లైన్ చానళ్లకు కలుపవచ్చును. వెల దాదాపు సరిపోవును, పని రెండింతలగును.

బెంగుళూరు ఎస్.పి. రోడ్డులోనో మరెచ్చటనో పాతసామాను కొనువారు హెడ్‌ఫోను, తమ సొంత మైకు, తీగలు తీసికొనిపోవలెను. పాట ఏదియు పెట్టక అన్ని మీటలను సగముపైకి ఎత్తి బుసను వినుడు. ఒక్కొక్క మీటను మెల్లగా జరుపుచు కరకరను, ఒక్కొక్క రంధ్రమున తీగను కదపుచు తెగుటను కనిపెట్టుడు. ఎడమ కుడి రెండు వైపులు సమానముగా వచ్చుచున్నవా చూడుడు. పిదప మైకులో బిగ్గరగా గాక, అవ్వ పాడినట్లు మెల్లగా పాడి వినుడు. అంగడివాడు నవ్వినను ఫరవాలేదు.

చెవులను గూర్చియు ఒక మాట. 2022లో ప్రపంచ ఆరోగ్య సంస్థ సంగీత వేదికలకు సగటు శబ్దము 100 డెసిబెళ్లు మించరాదని ప్రమాణము ప్రకటించినది. పెట్టెల ప్రక్కనే ప్రతిరాత్రి నిలుచు డీజే చెవులే అందరికంటె ముందు చెడును. చెడిన చెవి ఇంకను పెంచుమనును. కొద్ది రూపాయల చెవిబిరడాలు అతని పనిముట్లలో చేరవలెను. 2000 సంవత్సరపు శబ్దకాలుష్య నిబంధనల ప్రకారము లౌడ్‌స్పీకరునకు వ్రాతమూలకమైన అనుమతి కావలెను. రాత్రి పదినుండి ఉదయము ఆరువరకు ఆరుబయట వాడరాదు. పండుగ, సాంస్కృతిక సందర్భములలో ఏడాదికి 15 దినములకు మించకుండ అర్ధరాత్రివరకు సడలించు అధికారము రాష్ట్ర ప్రభుత్వమునకు కలదు. బయానా తీసికొనునపుడే ఈ సంగతి పెండ్లివారితో చెప్పి, అనుమతి పత్రము ఎవరు తేవలెనో తేల్చుకొన్నచో, సామాను స్టేషనులో చిక్కుకొను ప్రమాదము తప్పును.

కళ్యాణదుర్గము కుఱ్ఱవాడు మరుసటి ఏడు మాకు కనబడినాడు. నాలుగు చానళ్లదానిని నష్టమునకే అమ్మి, రెండు చానళ్లదానిని, పాత లైవ్ మిక్సరును తెచ్చుకొన్నాడట. అప్పు ఇంకను మిగిలియున్నది గాని, నాటకములకు పిలుచుచున్నారని చెప్పినాడు. అవ్వచేత మరల పాడించితివా యని అడిగితిమి. "మైకు ఇస్తే తీసుకోలేదు సార్. మీరే దగ్గరికి రాండి నాయనా అనె" అన్నాడు. ఆమె తోడికోడలు మాత్రము ఆ రాత్రి పట్టిన మైకును పొద్దుపొడుచువరకు వదలలేదట.